అతుక్కున్న ఎముక

కిందటి వారం మన కథలో దొరస్వామి ఇంటి ముందు రెండు బండ్లు నిలబడి ఉండగా ఆగాం. ఒకటి కాణిపాకం పోవడానికి రాజారత్నమ్మ తిరుపతి నుంచి తెచ్చుకున్న అంబాసిడర్ కారు. రెండోది చిత్తూరు పోవడానికి నందిని పిలిపించుకున్న ఆటో.

దొరస్వామి కూతురు నందిని కాన్పుకని యాదమరి దగ్గర పల్లెలో ఉన్న పుట్టింటికి వచ్చింది. చిత్తూరులో ఒక నర్సింగ్ హోంలో మగబిడ్డ పుట్టాడు. పురుడు గడిచిన రెండు రోజులకు, మనవణ్ణి ఒళ్ళోకి తీసుకున్న అత్తగారు రాజారత్నమ్మ చేతికి బిడ్డ కుడి భుజం దగ్గర, మెడకు కాస్త కిందుగా, చింతగింజంత గడ్డ తగిలింది. ఆ చెయ్యి ఎత్తితే బిడ్డ ఏడుస్తున్నాడు. "బిడ్డను ఎవరు పడేసినారు?" అని ఆమె అడిగింది. "నీళ్ళు పోసేది ఎవరు?" అని మళ్ళీ అడిగింది. "చిన్నమ్మ" అంది నందిని. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ఆ ఒక్క మాటతో నింద మొత్తం మునిలక్ష్మి మీద పడింది. మునిలక్ష్మి నందినికి సవతి తల్లి. నందినికి తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఇంటికి వచ్చింది. ఇద్దరి మధ్యా ఏనాడూ గొడవ లేదు, దగ్గరితనమూ లేదు.

"నీ చేతుల్లో ఏమీ జరగలేదని కాణిపాకం వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యి వదినా. నేను మళ్ళా ఆ మాట ఎత్తను" అంది రాజారత్నమ్మ. మునిలక్ష్మి సరేనంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు.

అందరూ కారెక్కేటప్పుడు నందిని మాత్రం బిడ్డను గుడ్డలో చుట్టుకుని ఆటో వైపు నడిచింది. "ప్రమాణాలు మీరు చేసుకోండి. నేను బిడ్డను డాక్టరుకు చూపిస్తాను" అంది. పచ్చి బాలింత ఎండలో పోవడమేమిటని అత్తగారు అడ్డం వచ్చింది. నందిని ఆగలేదు. దొరస్వామి కారు వైపు ఒకసారి, ఆటో వైపు ఒకసారి చూసి, కూతురి వెనకే ఆటో ఎక్కాడు.

*

చిత్తూరు చేరేదాకా దొరస్వామి ఒకే మాట పట్టుకున్నాడు.

"పుత్తూరికి పోయుంటే బాగుండేది మ్మా. ఆడ ఇరిగిన ఎముకకు సూసిన వెంటనే కట్టు కట్టి పంపిస్తారు."

"విరిగిందో లేదో తెలియకుండా కట్టు దేనికి నాయనా?"

"ఇరక్కుండా గడ్డ యాల వస్తాది?"

నందిని గుడ్డ పక్కకు తీసి చూసింది. బిడ్డ నిద్రపోతున్నాడు. కుడి చెయ్యి పొట్టకు ఆనించుకుని ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ అలాగే పడుకునేవాడు. ఎడమ చెయ్యి ఆడించినంతగా కుడి చెయ్యి ఆడించేవాడు కాదు. అది వాడి తీరు అనుకుంది గానీ, దాని గురించి ఆలోచించాలని ఆమెకు తోచలేదు. ఈ చెయ్యి ఇక ఇంతేనా? రేపు పలక పట్టుకోవాలన్నా, అన్నం కలుపుకోవాలన్నా ఈ చేత్తోనే కదా?

పిల్లల డాక్టరు యోగానంద క్లినిక్ గాంధీ బొమ్మ దగ్గరి సందులో, మేడ మీద. బల్ల మీద బిడ్డను పడుకోబెట్టి చుట్టిన గుడ్డలు విప్పమన్నాడు డాక్టరు. నందిని గడ్డ చూపించబోతే, "అది తర్వాత చూద్దామమ్మా" అని తన చూపుడువేలు బిడ్డ కుడి అరచేతిలో పెట్టాడు. కొంచెంసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని డాక్టరు వేలిని పట్టుకున్నాయి.

"పట్టు బాగుంది" అన్నాడు డాక్టరు.

తర్వాత బిడ్డ తల కింద చెయ్యి పెట్టి కాస్త పైకి లేపి, ఉన్నట్టుండి రవంత కిందికి వదిలాడు. తల మళ్ళీ ఆయన అరచేతిలోనే పడింది. బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ పక్కలకు విసిరి, వేళ్ళన్నీ విప్పి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని ఏడుపు అందుకున్నాడు. దొరస్వామి ఒక అడుగు ముందుకు వేశాడు.

"మెల్లిగా సార్, పసిబిడ్డ."

"పెద్దాయనా, నాకు కావాల్సింది ఇదే. రెండు చేతులూ లేచినాయి, చూసినారా? నరం తెగినా, నలిగినా ఈ చెయ్యి లేవదు. బల్ల మీద అట్లే పడి ఉంటుంది. నా భయం దాని గురించే. ఆ భయం లేదు."

నందిని బల్ల అంచు పట్టుకుంది. అయినా గడ్డ సంగతి మిగిలే ఉంది. డాక్టరు రెండు వేళ్ళతో దాన్ని తడిమి చూశాడు. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. కింద అంతస్తులో ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు.

ఫిల్ము ఇంకా ఆరలేదు. నీళ్ళు కారుతుండగానే క్లిప్పు పట్టుకుని పైకి తెచ్చింది నందిని. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. నల్లటి ఫిల్ములో బిడ్డ పక్కటెముకలు సన్నటి దువ్వెన పళ్ళలా కనిపించాయి.

"ఇటు రా అమ్మా. ఇది ఎడమ పక్క. మెడ కింద నుంచి భుజం దాకా ఎముక ఒక గీతలాగా ఉంది కదా? కాలర్ బోన్ అంటారే, అదే. ఇప్పుడు కుడి పక్క చూడు. నడిమధ్యలో ఏమి కనపడుతుంది?"

"తెల్లగా ఉండలాగా ఉండాది సార్."

"ఎముక అక్కడ విరిగింది. విరిగినచోట కొత్త ఎముక పుట్టి, రెండు ముక్కల్నీ చుట్టుకుని గట్టిపడింది. మీరు గడ్డ అంటా ఉండేది దాన్నే. గడ్డ కాదు, అతుకు."

"అంటే ఇరిగింది, అతుక్కునేసింది కూడానా?" అని అడిగాడు దొరస్వామి.

"అతుక్కునింది. ఇంకా కొన్నాళ్ళకు ఈ ఉండ కూడా అరిగిపోయి మామూలు ఎముక అయిపోతుంది. రేపు వీడు పెద్దవాడై సైన్యానికి పోయినా, ఎప్పుడో విరిగిందని ఎవరూ కనిపెట్టలేరు."

"కట్టు ఏమీ వద్దా సార్? పుత్తూరికి పోదామని…"

"పుత్తూరికి తీసుకుపోయినా, అతుక్కునింది ఇంటికి పొండి అనే చెప్తారు వాళ్ళు. ఆ చెయ్యి పట్టుకుని బిడ్డను ఎత్తకండి. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఈ చేతికి తొడగండి. అంతకుమించి చెయ్యాల్సింది లేదు."

నందిని ఫిల్ము నుంచి కళ్ళు తిప్పలేదు.

"విరిగింది ఎప్పుడు సార్?"

"పుట్టేటప్పుడు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. డాక్టరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"ఎంత బరువు పుట్టినాడు?"

"నాలుగు కిలోలకు పైనే అన్నారు."

"అదే. కాన్పులో తల బయటికొచ్చినాక కాసేపు ఆగిపోయిందా? నీ మోకాళ్ళు మడిచి కడుపు మీదికి నొక్కినారా?"

నందినికి గుర్తొచ్చింది. తల వచ్చేసిందమ్మా అన్నారు. ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. ఇద్దరు నర్సులు చెరొక మోకాలు పట్టి రొమ్ముకేసి అదిమారు. ఇంకొకామె పొత్తికడుపు మీద పిడికిలితో నొక్కింది. "ఇప్పుడు ముక్కొద్దు, ఆగు, ఆగు" అని డాక్టరమ్మ గొంతు. అన్ని కాన్పులూ ఇట్లే ఉంటాయేమో అనుకుంది నందిని. మొదటి కాన్పు, పోల్చి చూసుకోవడానికి ఆమెకు వేరేది లేదు.

"బిడ్డ భుజాలు ఇరుక్కున్నాయి" అన్నాడు డాక్టరు. "అట్లాంటప్పుడు చేతిలో ఉండేది నిమిషాలే. ఆలోగా బయటికి తీయకపోతే బిడ్డకు ఊపిరి ఆడదు. తీసేటప్పుడు ఈ ఎముక విరగడం మామూలే. ఒక్కోసారి తీసేవాళ్ళే కావాలని విరిచేది కూడా ఉంటుంది, భుజం సన్నబడి బయటికి వస్తుందని. ఎముక విరిగితే అతుక్కుంటుంది. బిడ్డ పోతే రాడు. ఆ డాక్టరమ్మ ఎవరో గానీ బాగా చేసింది."

నందిని బిడ్డకు గుడ్డ చుట్టింది. అడగాలనుకున్న అసలు మాట ఇంకొకటి ఉంది.

"నీళ్ళు పోసేటప్పుడు ఎవరి చేతిలోనైనా జారి ఉంటే, చెయ్యి పట్టి లాగి ఉంటే, ఇట్ల అయ్యేది లేదా సార్?"

డాక్టరు ఆమె ముఖంలోకి చూశాడు. ఇంట్లో ఏదో జరుగుతోందని ఆయనకు తెలిసిపోయింది.

"నాలుగైదు రోజుల కింద విరిగిన ఎముక అయితే రెండు ముక్కలూ విడిగా, మొనదేలి కనపడతాయి. మధ్యలో ఏమీ ఉండదు. ఇంత లావు అతుకు పడాలంటే రెండు వారాలు దాటాల. బిడ్డకు ఎన్ని రోజులు?"

"పదిహేడు."

"ఈ అతుకు వయసూ బిడ్డ వయసూ ఒకటే. ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యలేదు, పోండి."

దొరస్వామి గోడ పక్కన బెంచీ మీద కూలబడి భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. తువ్వాలు లోపలి నుంచే మాట వచ్చింది.

"నాలుగు దినాలుగా మా ఇంటామె అన్నం తినలేదు సార్. నేనూ అడగలేదు. నాకూ లోపల అనుమానమే."

నందిని లేచి నిలబడింది. గోడ గడియారం చూసింది.

"నాయనా, లెయ్. కాణిపాకం పోవాల. ఇప్పుడే."

"ఫిల్ము తడిగా ఉంది, ఆరనీ అమ్మా" అన్నాడు డాక్టరు.

"ఆటోలో ఆరుతుంది సార్" అంది నందిని.

*

ఆటో నడిపే అష్ఫాక్‌కు సగం సంగతి దార్లోనే తెలిసిపోయింది. దొరస్వామి ఫిల్మును క్లిప్పుతో బయటికి పట్టుకుంటే అది గాలికి టపటపా కొట్టుకుంటోంది. "వంచొద్దు పెద్దాయనా, అడ్డంగా పట్టండి" అని వెనక్కి తిరగకుండానే చెప్పి, అష్ఫాక్ ముందు పోతున్న బస్సును దాటాడు.

"చిన్నమ్మ ఎందుకు ఒప్పుకునింది నాయనా, అడగంగానే అంత బిన్నా?" అంది నందిని. "తప్పు చెయ్యకపోతే నాకేమి భయం అనా?"

దొరస్వామి ఫిల్మును అడ్డంగా తిప్పి పట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం నన్నొక మాట అడిగింది మ్మా. ప్రమాణంలో అబద్ధం సెప్తే ఆ పాపం ఎవురికి తగుల్తాది, సెప్పినోళ్ళకా, బిడ్డకా అని."

"ఏమన్నావు?"

"నాకు తెలీదన్నాను. నాకు నిజంగానే తెలీదు."

నందిని బిడ్డను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. "అన్నా, కొంచెం తొందరగా పో" అంది అష్ఫాక్‌తో.

కాణిపాకంలో ఆ రోజు జనం బాగానే ఉన్నారు, స్నానాలకే గంటల తరబడి వరస. కొబ్బరికాయల అంగళ్ళ ముందు ఆటో ఆగీ ఆగకముందే నందిని దిగేసింది. నడుము నొప్పి తీస్తోంది. కాళ్ళు ఇంకా బాలింత కాళ్ళే, వేగంగా పడడం లేదు. స్నానాలు చేసేచోటికి పోయే దారిలో మెట్ల దగ్గర వాళ్ళు కనిపించారు.

మునిలక్ష్మి తల మీది నుంచి స్నానం చేసి తడిచీరతో నిలబడి ఉంది. జుట్టు నుంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. రాజారత్నమ్మ చేతిలో కర్పూరం, పూలు ఉన్న పళ్ళెం. నందిని భర్త సునీల్‌కుమార్ రెండడుగుల దూరంలో పొడి టవలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రా వదినా, లోపలికి పోదాం" అంటోంది రాజారత్నమ్మ.

మునిలక్ష్మి కదల్లేదు.

"నేను సెయ్యలేను వదినా."

నందిని ఆగిపోయింది. వాళ్ళకు వెనకగా ఉంది కాబట్టి ఎవరూ ఆమెను చూడలేదు.

"చెయ్యలేనంటే?" అంది రాజారత్నమ్మ. గొంతులో గెలిచిన సంతోషం లేదు. భయం ఉంది.

"జారినాడు. నీకు గడ్డ తగిలిందే, దానికి ముందు రోజు. నీళ్ళు పోస్తా ఉండాను. నూనె ఒళ్ళు. కాళ్ళ మీంచి పక్కకు జారిపోతా ఉంటే ఈ సెయ్యి దొరికింది, పట్టి లాగినాను. కింద పడలేదు వదినా, నా కళ్ళు పోనూ, నేలకు తగల్లేదు. రవంత ఏడ్సినాడు, ఊరుకున్నాడు. తుడిసి పౌడరేసి నందిని పక్కన పడుకోబెట్టినాను. ఎవురికీ సెప్పలేదు."

ఒక్కసారిగా అంత మాట్లాడి ఆమె ఆయాసపడింది.

"ఏమీ జరగలేదని ఆ సామి ముందర ఎట్ల సెప్పేది? అబద్ధం సెప్తే అది తిరిగి బిడ్డకే తగిలితే? నేనే ఇరిసినాను అని సెప్పుకుందామనే వచ్చినాను. అందుకే నువ్వు అడగంగానే సరే అన్నాను."

"ఆ పొద్దే చెప్పుంటే ఏమయ్యేది వదినా? ఆ పొద్దే డాక్టరు కాడికి పోయేవాళ్ళం కదా?"

"సెప్పుంటే నా సేతికి మళ్ళా బిడ్డను ఇచ్చేవాళ్ళా?"

రాజారత్నమ్మ పళ్ళెంలో పూలు సర్దింది. అవి సర్దాల్సిన అవసరమేమీ లేదు.

మునిలక్ష్మి ఇంకా మెల్లగా అంది. "నాకు పిలకాయలు లేరు. నందిని పాప నన్ను చిన్నమ్మా అంటాది, మర్యాదగానే ఉంటాది, అంతే. వీణ్ణి మాత్రం పుట్టిన మరుసనాడే తెచ్చి నా ఒళ్ళో ఏసింది. నేను ఎత్తుకుంటే ఏడుపు మానేస్తాడు వదినా. ఆ సెయ్యి నేనే ఇరిసేసినాను."

నందిని ముందుకు నడిచింది.

"చిన్నమ్మా."

ముగ్గురూ తిరిగి చూశారు. మునిలక్ష్మి చేతులు వెనక్కి పెట్టుకుంది, బిడ్డకు ఎక్కడ తగులుతాయో అన్నట్టు.

"ఏ రోజు జారినాడన్నావు?"

"ఆదివారం."

"ఈ పొద్దు శుక్రవారం. ఐదు రోజులు. అంతే కదా?"

"అంతే మ్మే."

"అయితే విరిచింది నువ్వు కాదు" అంది నందిని. వెనక రొప్పుకుంటూ వచ్చిన తండ్రి చేతిలోంచి ఫిల్ము తీసుకుని ఎండకు ఎత్తిపట్టింది. డాక్టరు ఎట్లా చూపించాడో అట్లే వేలు పెట్టి చూపించింది. ఎడమ పక్క గీత, కుడి పక్క ఉండ. కొత్త ఎముక పుట్టి గట్టిపడడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పింది. ఆదివారం విరిగి ఉంటే అక్కడ రెండు మొనలు తప్ప ఏమీ ఉండదని చెప్పింది.

రాజారత్నమ్మ పళ్ళెం కొడుకు చేతికిచ్చి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. ఫిల్మును అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నాకేమీ తెలియడం లేదు. నువ్వు చెప్పు అన్నా" అంది దొరస్వామితో.

"పుట్టేటప్పుడే ఇరిగిందంట చెల్లెమ్మా. బిడ్డ లావు, భుజాలు పట్టుకునేసినాయంట. ఎవురూ పడెయ్యలేదు, ఎవురూ లాగలేదు. ఇరిగింది, అతుక్కునింది. కట్టు కూడా వద్దన్నాడు."

"సెయ్యి వస్తాదా?" అని అడిగింది మునిలక్ష్మి. తన గురించి ఒక్క మాటా అడగలేదు.

"వస్తాదా ఏమి, వచ్చేసింది. ఎట్ల ఎత్తినాడనుకున్నావు, రెండు సేతులూ. నా కండ్లతో సూసినాను."

మునిలక్ష్మి నందిని వైపు చూసింది. నమ్మాలనుంది, నమ్మలేకపోతోంది.

"నేను బాధపడతానని సెప్తా ఉండావా మ్మే?"

"లేదు చిన్నమ్మా. నీ చేతుల్లోనే విరిగి ఉంటే అది కూడా ఈడనే, ఇట్లే చెప్పి ఉందును. డాక్టరును నేనే గుచ్చి గుచ్చి అడిగినాను. నీళ్ళు పోసేటప్పుడు లాగితే ఇట్ల అవుతుందా అని అడిగినాను." నందిని బిడ్డను ఇంకో చేతికి మార్చుకుంది. "నాకూ నీ మీద అనుమానం ఉన్నింది. ఆ పొద్దు అత్త అడిగినప్పుడు నీ పేరు చెప్పి ఊరుకున్నాను. ఇంకొక మాట మాట్లాడుండాల్సింది. మాట్లాడలేదు."

మునిలక్ష్మి తల అడ్డంగా ఊపింది. నందిని ఆమె కుడి చెయ్యి ముందుకు లాగి, నీళ్ళతో ముడతలు పడిన చూపుడువేలు బిడ్డ అరచేతిలో పెట్టింది.

"వొద్దు మ్మే, సేతులు సల్లగా ఉండాయి."

"ఉండనీ."

బిడ్డ కళ్ళు తెరవలేదు. చల్లటి వేలు తగిలి ముఖం చిట్లించి, ఆ తర్వాత పట్టుకున్నాడు. విడవలేదు. మునిలక్ష్మి వంగి ఆ పిడికిలి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె జుట్టు నుంచి ఒక నీటిబొట్టు బిడ్డ చెంప మీద పడింది. గబుక్కున పైట కొంగుతో తుడవబోయి, కొంగూ తడిగానే ఉందని చూసుకుని, ఏడుస్తూనే నవ్వింది.

"డాక్టరు ఏమన్నాడు? నీళ్ళు పొయ్యొచ్చునంటనా?"

"ఆ చెయ్యి పట్టి ఎత్తొద్దన్నాడు. మిగిలిందంతా మామూలే. రేపు నువ్వే పొయ్యాల. నూనె కొంచెం తక్కువ పెట్టు."

దొరస్వామి గట్టిగా నవ్వాడు. ఆ ఇంటి మనుషుల్లో నవ్వు విని నాలుగు రోజులైంది. రాజారత్నమ్మ కొడుకు దగ్గరి టవలు లాగి మునిలక్ష్మి తల తుడవడం మొదలుపెట్టింది. మునిలక్ష్మి వద్దంటున్నా వినలేదు. తుడుస్తూనే మాట్లాడింది, ముఖం కనపడకుండా వెనక నిలబడి.

"నేను నీ మీద పడినాను వదినా. ఒక్క మనవడు, నా చేతికి గడ్డ తగిలేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరినో ఒకరిని అనకపోతే నా భయం తీరేటట్టు లేకపోయింది. తప్పు నాది. కావాలంటే నేను పోయి తడిగుడ్డలతో ఆ సామి ముందర నిలబడతాను."

"వొద్దులే వదినా" అంది మునిలక్ష్మి. "ఒకరికి జలుబు సాలు."

*

ప్రమాణం లేదు. మునిలక్ష్మి పొడిచీర కట్టుకున్నాక అందరూ మామూలుగా క్యూలో నిలబడి దర్శనం చేసుకున్నారు. బిడ్డను రాజారత్నమ్మ కాసేపు, మునిలక్ష్మి కాసేపు ఎత్తుకున్నారు. మునిలక్ష్మి ఎత్తుకునే తీరు మారింది. కుడి భుజం కింద అరచెయ్యి వేసి, పాలగిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది. లోపల రాజారత్నమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. పూజారి కదలమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

బయటికొచ్చి ఒక టీ అంగడి పక్కన రేకుల నీడలో కూర్చున్నారు. దొరస్వామి ప్రసాదం పులిహోర ఆకుల్లో పంచాడు. మునిలక్ష్మి ఒక ఆకు తిని, అడక్కుండానే రెండో ఆకు తీసుకుంది. అది చూసి దొరస్వామి తన ఆకు కూడా ఆమె వైపు జరిపాడు. అష్ఫాక్‌ను పిలిచి కూర్చోబెట్టి అతనికీ పెట్టారు. "ఈ పొద్దు ఆ బస్సును నువ్వు దాటిన దాటుకు నా పానం సగం పోయిందప్పా" అని దొరస్వామి అంటే, "ఫిల్ము పోలేదు కదా పెద్దాయనా" అన్నాడు అతను.

నందిని గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. నడుము నొప్పి, ఆకలి, నిద్ర అన్నీ ఒకేసారి తెలిశాయి. బిడ్డ కుడి చెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చి గాలిలో అటూ ఇటూ కదిలింది. ఇంతకు ముందు కూడా ఇట్లా కదిలించేవాడేమో, చూసే ధైర్యమే తనకు లేకపోయిందేమో. ఇప్పుడు తనివిదీరా చూసింది.

"అదంతా సరే గానీ" అంది రాజారత్నమ్మ, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటూ. మనసు కుదుటపడ్డాక ఆమెకు మళ్ళీ పాత పట్టుదల వచ్చింది. "ఆ నర్సింగ్ హోం డాక్టరమ్మకు తెలిసే ఉంటాది కదా? తన చేతుల్లో ఎముక విరిగితే తెలియకుండా పోతుందా? మనకు ఒక్క మాట చెప్పుంటే, బిడ్డకు ఇట్లయింది, భయం లేదు, అతుక్కుంటుంది అని చెప్పుంటే, ఈమె ఇట్ల నీళ్ళల్లో మునిగే పని ఉండేదా? పోయేటప్పుడు చిత్తూరులో దిగి అడిగే పోతాను నేను."

"అడుగు చెల్లెమ్మా, అడగాల్సిందే" అన్నాడు దొరస్వామి.

సునీల్‌కుమార్ అందరికీ టీలు తెస్తున్నాడు. రెండు చేతుల్లోనూ గ్లాసులు ఉన్నాయి. వాటిని కింద పెట్టాడు. నిలబడే ఉన్నాడు.

"అడగొద్దమ్మా."

"ఎందుకురా?"

"ఆమె చెప్పింది. బిడ్డ పుట్టిన రోజే. నన్ను గదిలోకి పిలిచి చెప్పింది."

ఎవరూ టీ ముట్టుకోలేదు. మునిలక్ష్మి బిడ్డను ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా తీసుకుంది. రాజారత్నమ్మ కొడుకు ముఖంలోకి, తప్పు విన్నానా అన్నట్టు చూసింది.

నందిని గోడను వదిలి నిటారుగా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మీకు తెలుసునా?"

"తెలుసు."

"మా చిన్నమ్మ తడిచీరతో నిలబడి నేనే విరిచినాను అని ఏడుస్తా ఉంటే, మీరు పక్కనే టవలు పట్టుకుని నిలబడినారు. అప్పుడూ తెలుసునా?"

"నోటి దాకా వచ్చింది నందినీ. ఈ నాలుగు రోజులూ రోజూ పొద్దున లేచి ఈ రోజు చెప్పేయాలనే అనుకుంటా ఉన్నాను. ఆ మాట చెప్తే, ఆమె ఇంకేమి చెప్పింది అని నువ్వు అడుగుతావు. అందుకని ఆగిపోయినాను."

"ఇంకేమి చెప్పింది?"

అతను మునిలక్ష్మి ఒళ్ళో ఉన్న బిడ్డను చూశాడు. తర్వాత నందిని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఆమె చెప్పినవి రెండు మాటలు. బిడ్డ గురించి ఒకటి" అన్నాడు. "రెండోది నీ గురించి."

(సశేషం)